పెండింగ్, పెండింగ్, సక్సెస్: వైర్‌మాక్‌తో రెండేళ్ళు

వైర్‌మాక్ అంటే, బయటి సర్వర్ ఇచ్చిన జవాబులను రికార్డు చేసుకుని, టెస్టుల్లో దాని బదులు తానే ఆ జవాబులు చెప్పే సాఫ్ట్‌వేర్. దాని గురించి ఎవరు అడిగినా నేను ముందు ఎత్తుకునేది ఒక్కటే. అదే ప్రశ్న మూడుసార్లు అడిగితే, అసలు సర్వర్ ఆ రోజు ఏ వరసలో జవాబిచ్చిందో అదే వరసలో మూడు జవాబులూ చెబుతుంది. రికార్డు చేసేటప్పుడు మనం ఏమీ సెట్ చేయనక్కర్లేదు, దానంతట అదే చేసుకుంటుంది. దీన్ని వాళ్ళు సినారియో అంటారు. మా ఆఫీసులో దీన్ని నేను ఎంత పొగిడానంటే, కొన్నాళ్ళు నా పేరు ముందు ఆ మాటే తగిలించి పిలిచారు. ఆ పొగడ్తలో సగం వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను. మిగతా సగం అలాగే ఉంచుతున్నాను.

ఇన్‌స్టాల్ చేయడం, పోర్టు ఇవ్వడం లాంటివి వదిలేస్తున్నా. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపే పనిముట్టు) వాడేవాళ్ళకు అది రెండు నిమిషాల పని.

మాదాపూర్‌లో మాది చిన్న టీమ్, ఐదుగురం. ఇంటికొచ్చి రక్తం శాంపిల్ తీసుకెళ్ళే సర్వీసుకు వెనకాల నడిచే సాఫ్ట్‌వేర్ మాది. డబ్బులు యూపీఐలో వస్తాయి. పేమెంట్ల కంపెనీ వాళ్ళు మాకు ఒక సాండ్‌బాక్స్, అంటే ఉత్తుత్తి చెల్లింపులతో పరీక్షించుకునే సర్వర్, ఇచ్చారు. అది సోమవారం నుంచి శుక్రవారం దాకా బాగానే పలుకుతుంది. శనివారం వచ్చిందంటే దాని ఇష్టం. మేమేమో కొత్త వెర్షన్ వదిలేది ఎక్కువగా శనివారమే. అందుకని ముందు నుంచీ మేమే చేత్తో రాసుకున్న మాక్‌లు, అంటే అసలు సర్వర్‌లా నటించే ఉత్తుత్తి జవాబులు, ఉండేవి. ఆర్డరు పెట్టు, స్టేటస్ అడుగు, సక్సెస్. అన్నిసార్లూ సక్సెసే. ఆ మాక్ ముందు మా కోడ్ ఎప్పుడూ బంగారమే.

అసలు జీవితంలో యూపీఐ అలా ఉండదు కదా. కస్టమర్ ఫోన్ తీసి, పిన్ కొట్టి, నెట్‌వర్క్ దొరికి, బ్యాంకు ఊ అనేలోపు మా సర్వర్ రెండు మూడుసార్లు 'అయిందా' అని అడుగుతుంది. పెండింగ్, పెండింగ్, ఆ తరవాత సక్సెస్. వైర్‌మాక్‌ను మధ్యలో పెట్టి సాండ్‌బాక్స్‌లో ఒక ఆర్డరు నడిపించి రికార్డు చేస్తే ఈ మూడూ మూడు జేసన్ ఫైళ్ళుగా వచ్చాయి. మొదటిదానికి కావాల్సిన స్థితి 'స్టార్టెడ్' అని రాసి ఉంది. అది జవాబిచ్చాక స్థితి రెండోదానికి మారుతుంది, రెండోది ఇచ్చాక మూడోదానికి. మూడోదాని తరవాత వెళ్ళడానికి ఇంకేం లేదు, అక్కడే ఆగుతుంది.

మొదటి రోజే ఫలితం కనబడింది. రికార్డింగ్ మీద టెస్టులు నడిపితే ఎస్‌ఎంఎస్‌లు పంపే భాగం రెండుసార్లు కదిలింది. చూస్తే, పెండింగ్ వచ్చిన ప్రతిసారీ 'మీ చెల్లింపు ప్రాసెస్‌లో ఉంది' అని కస్టమర్‌కు మెసేజ్ పెట్టేలా రాసి ఉంది మా కోడ్. రెండు పెండింగ్‌లు వస్తే రెండు మెసేజ్‌లు, ఐదు వస్తే ఐదు. కూకట్‌పల్లి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఒక్క టెస్టుకు ఎన్ని మెసేజ్‌లమ్మా" అని తిట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తప్పంతా ఎస్‌ఎంఎస్ పంపేవాళ్ళ మీదకు నెట్టేశాం. పాపం, వాళ్ళు మేం ఇచ్చిందే పంపారు. చేత్తో రాసిన మాక్‌తో ఈ బగ్ ఇంకో పదేళ్ళు దాక్కుని ఉండేది.

ఇంకో లాభం నేను ఊహించనిది. పోయిన వానాకాలం ఓ సాయంత్రం నిజాంపేటలో వాన మొదలైన పది నిమిషాలకే బ్రాడ్‌బ్యాండ్ పోయింది, కాసేపటికి ఫోన్‌లో డేటా కూడా. నేను మాత్రం కిటికీ పక్కన కూర్చుని మొత్తం పేమెంట్ టెస్టులు నడుపుకున్నాను. డాకర్ ఇమేజ్ అప్పటికే దిగి ఉంది, రికార్డింగులు గిట్‌లో (కోడ్‌ను మార్పులతో సహా దాచుకునే చోటు, దాని కాపీ నా ల్యాప్‌టాప్‌లోనే) ఉన్నాయి, బయటి ప్రపంచంతో పనేముంది? ఆ రాత్రి నా పొగడ్తలు తారస్థాయికి చేరాయి.

ఇక అసలు కథ.

టెస్టులు పెరిగాయి. బిల్డు (కోడ్ సిద్ధం చేసి టెస్టులన్నీ నడిపే పని) ముగిసేలోపు ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ తిని, తిరిగొచ్చి ఇంకా చూడాల్సి వచ్చేది. సరే, నాలుగు వర్కర్లు, అంటే టెస్టులను పంచుకుని నడిపే ప్రోగ్రాములు, పెట్టి ఒకేసారి నడుపుదాం అనుకున్నాం. వైర్‌మాక్ కంటైనర్ ఒక్కటే, దాన్ని నలుగురూ వాడతారు. వెబ్ సర్వరే కదా, ఎంతమంది వస్తే ఏముంది?

మర్నాటి నుంచి పేమెంట్ టెస్టు ఒకటి అప్పుడప్పుడు పడిపోవడం మొదలైంది. 'రావాల్సింది పెండింగ్, వచ్చింది సక్సెస్.' మళ్ళీ నడిపితే పాస్. ఇంకోసారి నడిపితే ఫెయిల్. నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ పాసే, ఎందుకంటే అక్కడ నేను ఒక్క టెస్టునే నడిపేదాన్ని. (సీఐలో, అంటే టెస్టులను దానంతట అదే నడిపే ఏర్పాటులో, పడిపోతోందని ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే మా నాన్న కంగారుపడ్డారు. ఆయనకు సీఐ అంటే సర్కిల్ ఇన్‌స్పెక్టరే.) మూడు వారాలు తిప్పలు పడ్డాం. బిల్డు మెషీన్ మీద అనుమానం, నెట్‌వర్క్ మీద అనుమానం, మా టైమౌట్ల మీద అనుమానం. టైమౌట్ రెట్టింపు చేశాం. ఏమీ మారలేదు, బిల్డు ఇంకాస్త నెమ్మదైంది, అంతే. చివరికి ఎర్రగా కనబడితే చాలు, ఎవరూ లాగ్ తెరవకుండానే 'మళ్ళీ నొక్కు' అనడం అలవాటైపోయింది. అది నాకు అన్నిటికంటే చిరాకు.

కొత్తగా చేరిన అబ్బాయి, కరీంనగర్ వైపు వాడు, ఒక శుక్రవారం సాయంత్రం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వైర్‌మాక్ అడ్మిన్‌లో సినారియోల జాబితా చూపించే చిరునామా ఒకటుంది. టెస్టు మొదలయ్యే చోట ఆపి, ఆ జాబితా తెరిచాడు. మా పేమెంట్ సినారియో 'స్టార్టెడ్'లో ఉండాలి. అప్పటికే చివరి మెట్టు మీద కూర్చుని ఉంది.

"అక్కా, ఇది మనకంటే ముందే ఎవరో వాడిన్రు."

ఎవరు వాడతారు? మిగతా ముగ్గురు వర్కర్లే. ఆర్డరు పెడితే వచ్చే ఆర్డరు నంబరు కూడా రికార్డింగ్‌లోదే కదా. అంటే ఏ టెస్టు ఆర్డరు పెట్టినా అందరికీ అదే నంబరు చేతికొస్తుంది. అందరూ అదే నంబరు స్టేటస్ అడుగుతారు. నలుగురు పిల్లలు ఒకే పుస్తకం ముందేసుకుని చదువుతున్నట్టు, ఎవరు పేజీ తిప్పినా అందరికీ తిరిగిపోతుంది. ఒకరు మొదటి పెండింగ్ తీసుకున్నారు, ఇంకొకరు రెండోది. పెండింగ్ కోసమే పుట్టిన టెస్టు వచ్చేసరికి సక్సెస్ మాత్రమే మిగిలింది.

మరి ఒకదాని తరవాత ఒకటి నడిపినన్నాళ్ళూ ఎందుకు పడలేదు? అక్షరక్రమంలో ఆ టెస్టు ఫైలు పేరు అన్నిటికంటే ముందుంది. మొదట అదే వెళ్ళి తాజా పెండింగ్ తీసుకునేది. మిగతా టెస్టులకు సక్సెస్ వస్తే చాలు, ముందు ఎన్ని పెండింగ్‌లు వచ్చాయో వాటికి పట్టదు. అంటే నెలల తరబడి మా టెస్టులు ఫైలు పేరు పుణ్యాన పాసయ్యాయి. ఇది తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొదట చేసిన మరమ్మతు జబ్బు కంటే దారుణం. సినారియోలన్నిటినీ మొదటికి తెచ్చే రీసెట్ ఒకటుంది, దాన్ని ప్రతి టెస్టుకు ముందు పిలిచాం. ఒక్కరే నడుపుతుంటే అది చక్కటి పరిష్కారం. నలుగురుంటే, ఒకరు సక్సెస్ చూసి ముందుకెళ్తుండగా ఇంకొకరు వచ్చి పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పేస్తారు. డబ్బులు కట్టేసిన ఆర్డరు మళ్ళీ పెండింగ్‌లోకి వచ్చింది. అలా ఎప్పుడైనా జరిగితే పెద్ద గొంతుతో అరవమని మా కోడ్‌లో ఒక కాపలా పెట్టుకున్నాం. ఆ రోజు లాగ్ నిండా ఆ అరుపులే. ఒక్కటి పడే చోట ఐదు టెస్టులు పడ్డాయి.

ఇందులో వైర్‌మాక్ తప్పేమీ లేదు. దానికి చెప్పిన పని అది చేసింది. మా తప్పల్లా, జ్ఞాపకం ఉన్న వస్తువును జ్ఞాపకం లేనిదనుకుని నలుగురికి పంచడం.

నిలబడిన పరిష్కారం కంటైనర్ల వల్లే దొరికింది. వర్కర్‌కు ఒక వైర్‌మాక్. టెస్టులు కూడా కంటైనర్ లోపలే నడుస్తాయి. డాకర్ కంపోజ్‌లో (కంటైనర్లను కలిపి నడిపే పనిముట్టు) ఒక్కో వర్కర్‌కు వేరే ప్రాజెక్టు పేరు ఇస్తే, ఒక్కోదానికి విడి నెట్‌వర్క్ వస్తుంది. లోపల అందరూ 'వైర్‌మాక్, 8080' అనే పిలుస్తారు, ఎవరి వైర్‌మాక్ వాళ్ళది. బయటికి పోర్టు తెరవనే తెరవం, కాబట్టి పోర్టుల కొట్లాట లేదు. రికార్డింగుల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే అన్నట్టు మౌంట్ చేస్తాం. రాసే అధికారం రికార్డు చేసే కంపోజ్ ఫైలుకే, అది వేరు. ఈ మార్పు తరవాత ఆ టెస్టు ఒక్కసారీ పడలేదు. ఖర్చు లేదని కాదు. వైర్‌మాక్ జావా మీద నడుస్తుంది, నాలుగు జావాలు ఒకేసారి లేస్తుంటే నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను ఆటో స్టార్ట్ చేసినట్టు మోగుతుంది. అందుకే ఇంట్లో రెండు వర్కర్లే.

ఇంతకుముందు 'అన్నీ రికార్డు చేసెయ్యండి' అని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. ఒకే ల్యాబ్ టెస్టుల జాబితాను మా యాప్ తొమ్మిదిసార్లు పిలిస్తే, అదే జవాబు తొమ్మిది ఫైళ్ళై, తొమ్మిది మెట్ల సినారియోగా కూర్చుంటుంది. దానివల్ల ఎవరికీ లాభం లేదు. రికార్డింగ్ మొదలుపెట్టేటప్పుడే రిపీట్స్ యాజ్ సినారియోస్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే ఇది ఆగుతుంది, మొదటి జవాబు మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు మేం పేమెంట్ స్టేటస్‌కు తప్ప అన్నిటికీ దాన్ని ఆపేశాం. నేను ఊరంతా మోసిన ఆ ఫీచర్ చివరికి మా దగ్గర ఒక్క చిరునామాకే పరిమితమైంది. ఆ ఒక్క చోట మాత్రం దాన్ని మించింది లేదు.

చిన్న చిన్న దెబ్బలు ఇంకొన్ని. కంటైనర్ రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడిచి రాసిన రికార్డింగ్ ఫైళ్ళు లైనక్స్‌లో మన చేతికి లొంగవు, సుడో (ఆ అధికారాన్ని అరువు తెచ్చే ఆదేశం) లేకుండా చెరపలేం. కంపోజ్‌లో యూజర్ నంబరు ఇచ్చాక ఆ గోల పోయింది. కంటైనర్ గడియారం మామూలుగా యూటీసీలో ఉంటుంది. మన అర్ధరాత్రి నుంచి పొద్దున 5:30 దాకా అక్కడ ఇంకా నిన్నటి తేదీయే. 'ఈరోజు అపాయింట్‌మెంట్' టెస్టు రాత్రి బిల్డులోనే పడుతుంటే కారణం దొరకడానికి ఒక నిద్ర పోయింది. ఇంకోటి, కంపోజ్‌లో ప్రాక్సీ-ఆల్ అనే సెట్టింగ్‌ను తీయడం మర్చిపోయాను. రికార్డింగ్ లేని ప్రతి పిలుపూ చడీచప్పుడు లేకుండా అసలు సాండ్‌బాక్స్‌కు వెళ్ళిపోయేది. టెస్టులు పాస్, మేం హ్యాపీ. ఒక శనివారం సాండ్‌బాక్స్ పడుకున్నప్పుడు బండారం బయటపడింది.

కస్టమర్ల సమాచారం సంగతి కూడా చెప్పాలి. అడిగే వైపు హెడర్లను (పిలుపుతో పాటు వెళ్ళే అదనపు వివరాలు) వైర్‌మాక్ మామూలుగా రికార్డు చేయదు, అది మంచిదే. కానీ బాడీలో, అంటే పంపే అసలు సమాచారంలో, ఫోన్ నంబరు ఉంటే అలాగే ఫైల్లోకి, అక్కణ్ణుంచి గిట్‌లోకి వెళ్ళిపోతుంది. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చాక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మేం ఉత్తుత్తి పేషెంట్ల పేర్లతోనే రికార్డు చేస్తాం.

మార్కులు వేయమంటే వేస్తాను గానీ, అవి మా ఇంటి లెక్కలోవే. మాకు జావా వచ్చు, మేం మాట్లాడేవి రెండు బయటి ఏపీఐలే (వేరేవాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారులు), అవీ మామూలు హెచ్‌టీటీపీ. డేటాబేస్ పిలుపులు కూడా రికార్డు కావాలంటే ఈబీపీఎఫ్ అనే సదుపాయంతో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దగ్గరే పట్టుకునే కెప్లాయ్ లాంటి పనిముట్లు చూసుకోవాలి. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో అన్ని పర్మిషన్లు దొరకవు కాబట్టి నేను దాన్ని సరిగ్గా వాడి చూడలేదు. మీ టెస్టులు ఒకదాని తరవాత ఒకటే నడుస్తాయంటే నా మూడు వారాల కథ మీకు తగలదు. మీ భాగస్వామి సాండ్‌బాక్స్ శనివారం కూడా పలుకుతుందంటే, అసలు ఇదంతా మీకు ఎంత అవసరమో నాకు తెలీదు.

కరీంనగర్ అబ్బాయి ఇప్పుడు రికార్డింగుల రివ్యూ చూస్తున్నాడు. ఫైలు పేర్ల చివర పొడవాటి గుర్తులుంటాయి, మళ్ళీ రికార్డు చేసిన ప్రతిసారీ అవి మారిపోతాయి, గిట్‌లో అన్నీ కొత్త ఫైళ్ళలాగే కనిపిస్తాయి. అందుకని జవాబులను విడిగా పోల్చి చూసే చిన్న స్క్రిప్టు రాసుకున్నాడు. ఫైలు పేరు ముందు 'అఅ' అని పెట్టి టెస్టును పైకి తేవద్దని రివ్యూలో ఎవరికో నిన్న కూడా రాశాడు.