క్రూజ్ డిన్నర్ టైం “ఎక్కాక మార్చుకోవచ్చు లెండి” అంటే నమ్మకండి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో అత్తమామల్నో అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మంచుకొండలు, తిమింగలాలు అన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది రాత్రి భోజనం టైం గురించి. ఇంత చిన్న విషయానికి ఇంత పోస్టా అనుకోకండి. ఏడు రాత్రుల ట్రిప్‌లో మాకు మూడు రాత్రులు దీనికే పోయాయి. అందులో ఒక రాత్రి మా నాన్నకి షుగర్ పడిపోయింది.

తెలియనివాళ్ల కోసం ముందు పద్ధతి చెప్తాను. పెద్ద షిప్పుల్లో మెయిన్ డైనింగ్ రూం ఎంత పెద్దదైనా అందరికీ ఒకేసారి సరిపోదు. అందుకని చాలా కంపెనీలు మన పెళ్లిళ్లలో బంతుల్లాగే రెండు బంతులు పెడతాయి. మొదటి బంతి సాయంత్రం 5:30కో 6 గంటలకో, రెండోది 7:30 నుంచి 8:30 మధ్య. మీకు ఒక టైం, ఒక టేబుల్ నంబర్ ఇస్తారు. ట్రిప్ అంతా అదే టేబుల్, అదే వెయిటర్. ఇది కాక ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్లి కూర్చునే పద్ధతి కూడా చాలా షిప్పుల్లో ఉంది, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది. బుకింగ్ అప్పుడే ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మీరు ఎంచుకోకపోతే మీ తరఫున ఎవరో ఒకరు ఎంచుతారు. మా విషయంలో ఆ పని ఏజెంట్ చేశారు.

ఆయన మన తెలుగాయనే, పేరు చెప్పను. మేముండేది డాలస్. మొన్న జూన్‌లో సియాటిల్ నుంచి బయల్దేరే షిప్పులో నేను, మావారు, బాబు ఒక క్యాబిన్, అమ్మానాన్న పక్క క్యాబిన్. కాగితాలు చూస్తే డిన్నర్ 8:15 అని ఉంది. ఫోన్ చేస్తే, “మనవాళ్లు ఐదున్నరకి ఎవరు తింటారమ్మా, అది టీ టైం కదా, అందుకే లేటు పెట్టాను” అన్నారు. నాన్నకి ఇన్సులిన్ ఉంది, తొందరగా కావాలి అన్నాను. “వెయిట్‌లిస్ట్‌లో పెడతాను, కాకపోయినా షిప్ ఎక్కాక మార్చుకోవచ్చు లెండి, రెండు నిమిషాల పని” అన్నారు.

“ఐదున్నరకి ఎవరు తింటారు” అన్న మాట విన్నప్పుడు నాకూ నిజమేననిపించింది. ఇక్కడే మోసపోయాం, ఇది మొదటి తప్పు. సియాటిల్ టైం డాలస్‌కి రెండు గంటలు వెనక. అలాస్కా ఇంకో గంట వెనక. షిప్ ఉత్తరానికి వెళ్తుంటే మొదటి రాత్రే గడియారం గంట వెనక్కి తిప్పుకోమని కాగితం పెట్టారు. అంటే షిప్‌లో 8:15 అయ్యేసరికి డాలస్‌లో రాత్రి 11:15. రెండు నెలలుగా మా ఇంట్లో ఎనిమిదికల్లా తినేసి పడుకోవడం అలవాటైన నాన్నకి అది అర్ధరాత్రి అన్నమే. అదే 5:30 బంతి అయితే డాలస్ లెక్కన 8:30, దాదాపు ఆయన భోజనం వేళ. దానికి తోడు జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. కిటికీలోంచి చూస్తే ఏ టైమో తెలియదు, ఒళ్లు మాత్రం నిద్ర నిద్ర అంటుంది. ఏజెంటే కాదు, బుక్ చేసుకునే మనమూ ఈ లెక్క వేసుకోం.

వెయిట్‌లిస్ట్ ఏమైందో కనుక్కుందామని బయల్దేరడానికి నెల ముందు నేనే క్రూజ్ కంపెనీకి ఫోన్ చేశాను. బుకింగ్ ఏజెంట్ ద్వారా జరిగింది కాబట్టి మేము మీతో మాట్లాడి ఏమీ మార్చలేం, ఆయన్నే అడగమనండి అన్నారు. ఆయన్ని అడిగితే కంపెనీ చేతిలో ఉందమ్మా అన్నారు. మొత్తం డబ్బు అప్పటికే కట్టేశాం. ఇంక ఎవరికి మాత్రం తొందర?

ఎక్కే రోజు డాలస్‌లో పొద్దున ఫ్లైట్ పట్టుకుని నేరుగా పోర్టుకి వెళ్లాం. ఇది రెండో తప్పు. డిన్నర్ మార్పుల కోసం డైనింగ్ రూం వాళ్లు మొదటి రోజు మధ్యాహ్నం కొద్ది గంటలు మాత్రమే టేబుల్ వేసుకుని కూర్చుంటారు. మేం క్యాబిన్‌లో సామాను పెట్టి, సేఫ్టీ డ్రిల్ చూసుకుని, బాబుకి పిజ్జా పెట్టించి వెళ్లేసరికి మూడున్నర దాటింది, ఆ టేబుల్ ఎత్తేశారు. తలుపు దగ్గరున్న అబ్బాయి మొదటి బంతి నిండిపోయిందని, రేపు రమ్మని చెప్పాడు.

ఆ రాత్రి 7:45కి నాన్న క్యాబిన్‌లో ఇన్సులిన్ తీసుకున్నారు. “ఎనిమిదింబావుకి కదమ్మా అన్నం?” అని అడిగి మరీ తీసుకున్నారు. అరగంట ముందు వేసుకోవాలని ఆయన లెక్క. మొదటి బంతివాళ్లు లేచి టేబుళ్లు సర్దేసరికి తలుపులు తీసింది 8:25కి. తర్వాత వెయిటర్ తన పేరు చెప్పి, మా పేర్లు అడిగి, మెనూ వివరించి, ఎనిమిది మంది ఆర్డర్లు రాసుకుని వెళ్లాడు. 8:50 అయింది. నాన్న చేతిలో మెనూ కార్డు వణుకుతోంది. షిప్ ఊగుతోందనుకున్నాను నేను. “ఏవండీ, ఆ చెమటలేంటి?” అని అమ్మ అడిగితే అప్పుడు చూశాను, కాలర్ తడిసిపోయింది. మావారు లేచి పరిగెత్తారు, వెయిటర్ ఆయనకంటే ముందు పరిగెత్తి ఆరెంజ్ జ్యూస్ తెచ్చాడు. కాఫీ కప్పుల దగ్గరున్న పంచదార పొట్లాలు రెండు చింపి అందులో కలిపాను. పావుగంటకి తేరుకున్నారు. తేరుకోగానే ఆయనన్న మొదటి మాట, “బాబుకి ఏదైనా పెట్టండర్రా, వాడు నిద్రపోతున్నాడు.”

దయచేసి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: టికెట్ మీద రాసిన టైం మీరు కుర్చీలో కూర్చునే టైం. ప్లేట్ మీ ముందుకు రావడానికి ఇంకో అరగంటో ముప్పావుగంటో పడుతుంది. తిండికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉంటే, టేబుల్ మీదకి బ్రెడ్ వచ్చాకే తీసుకోవచ్చా అని ఊళ్లోనే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

రెండో రోజు పొద్దున్నే హెడ్ వెయిటర్ దగ్గరికి వెళ్లాను. రాత్రి జరిగింది చెప్తే పాపం వెంటనే స్పందించారు, నాన్న రూం కార్డు అడిగి స్కాన్ చేసి 5:30కి మార్చేశారు. నేను థాంక్స్ చెప్పి సంతోషంగా వచ్చేశాను. ఇది మూడో తప్పు, ఇది పూర్తిగా నాదే. మార్పు జరిగేది మనిషికో కుటుంబానికో కాదు, బుకింగ్ నంబర్‌కి. నాన్న కార్డు చూపించాను కాబట్టి అమ్మానాన్నలు మొదటి బంతికి వెళ్లారు. మాది వేరే బుకింగ్ కాబట్టి మేం ముగ్గురం రెండో బంతిలోనే ఉండిపోయాం. ఆ సంగతి సాయంత్రం డైనింగ్ రూం తలుపు దగ్గర తెలిసింది. వాళ్ల టేబుల్‌లో ఖాళీ రెండు కుర్చీలే.

అమ్మానాన్నలు ఆరుగురు కొత్తవాళ్ల మధ్య కూర్చున్నారు. అమ్మ శాకాహారి. సూపులో చికెన్ నీళ్లు కలిపారేమో అడగడానికి మొహమాటపడి సూపు ముట్టలేదు. పాస్తా ఏదో పెడితే రెండు చెంచాలు తిని లేచింది. మనవాళ్ల తిండి అక్కడ దొరకదని కాదు. ముందు రోజు చెప్తే పప్పు, పనీర్, అన్నం వండి పెడతారు. మేం ముందు రోజు రాత్రే చెప్పాం కూడా. కానీ చెప్పింది పాత టేబుల్‌లో. అందుకని 8:15కి మేం వెళ్లి కూర్చుంటే, వెయిటర్ నవ్వుతూ రెండు ప్లేట్ల పప్పన్నం తెచ్చి రెండు ఖాళీ కుర్చీల ముందు పెట్టాడు. వేడి వేడిగా, పైన కొత్తిమీర కూడా చల్లి. అమ్మ అప్పటికే నిద్రపోయింది.

మూడో రోజు షిప్ అలాస్కాలోని జూనో అనే ఊళ్లో ఆగింది. ఊరు తిరిగొచ్చేసరికి ఎవరికీ ఓపిక లేదు, అందరం బఫేకి వెళ్లి ఏడింటికి తినేశాం. నిజం చెప్పాలంటే ఆ మూడు రాత్రుల్లో ప్రశాంతంగా తిన్నది అక్కడే. నాలుగో రోజు ఇంకెవరో మొదటి బంతి వదులుకుంటే ఐదుగురికీ ఒక టేబుల్ దొరికింది. ఈసారి రెండు కార్డులూ చూపించాను, కొత్త టేబుల్ నంబర్ రాయించుకున్నాను, అమ్మ పప్పన్నం సంగతి ఆ కొత్త వెయిటర్‌కి మళ్లీ మొదట్నుంచి చెప్పాను.

మావారికి కోపం వచ్చి, షిప్ వాళ్లు మన బిల్లులో రోజూ కలిపేసే టిప్స్ తీయించేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. జ్యూస్ కోసం పరిగెత్తిన కుర్రాడికి దీనితో ఏం సంబంధం?

మీరు బుక్ చేసుకునేటప్పుడు ఏజెంట్‌ని ఒకటే అడగండి: తొందర టైం కన్ఫర్మ్ అని కాగితం మీద ఉందా, లేక వెయిట్‌లిస్ట్ అని ఉందా? వెయిట్‌లిస్ట్ అంటే లేనట్టే లెక్క. ఆ తేదీకి నిండిపోయి ఉంటే ఇంకో తేదీ చూసుకోండి, పూర్తి డబ్బు కట్టేలోపు అయితే చాలాసార్లు మార్చుకోవడం తేలిక. రెండు క్యాబిన్లు తీసుకుంటే రెండు బుకింగ్‌లూ ఒకదానికొకటి లింక్ చేయించి, రెండు కాగితాల్లోనూ ఒకే టైం, ఒకే టేబుల్ అని ఉందో లేదో చూసుకోండి. ముందు రోజే సియాటిల్ చేరి, ఎక్కే రోజు మధ్యాహ్నానికల్లా షిప్‌లో ఉండండి. మిగతావాళ్లు బఫేకి పోతుంటే మీరు ముందు డైనింగ్ రూంకి పోండి. ఎప్పుడైనా వెళ్లే పద్ధతి తీసుకుందాం అనుకుంటే అదీ మంచిదే, కానీ రద్దీ వేళ క్యూ ఉంటుంది, రోజుకో వెయిటర్ వస్తాడు, మన తిండి గురించి రోజూ కొత్తగా చెప్పుకోవాలి. పెద్దవాళ్లు లేకుండా కుర్రాళ్లే వెళ్తుంటే మాత్రం రెండో బంతే హాయి, ఊరు తిరిగి నింపాదిగా రావచ్చు.

ఇన్సులిన్ తీసుకెళ్తుంటే ఇంకో మాట. క్యాబిన్లలో ఉండే చిన్న ఫ్రిజ్‌లు చాలావాటిలో కూల్‌డ్రింకులు చల్లబడటమే గగనం. మందులకి వేరే ఫ్రిజ్ కావాలని ముందే రాసి అడిగితే చాలా షిప్పుల్లో క్యాబిన్‌లో పెడతారు.

ఏజెంట్ విషయంలో ఒక్క మంచి కూడా చెప్పాలి. సియాటిల్ నుంచి తిరిగి సియాటిల్‌కే వచ్చే విదేశీ షిప్పులు మధ్యలో వేరే దేశం పోర్టు ఒకటి ముట్టాలి, 1886 నాటి అమెరికా చట్టం అది. అందుకే చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. అమ్మానాన్నలవి ఇండియా పాస్‌పోర్టులు కాబట్టి కెనడా వీసా తీసుకోవాలని ఆయన ముందే గట్టిగా చెప్పారు. అది చెప్పకపోయుంటే పోర్టులోనే ఆపేసేవాళ్లు.

తిరిగొచ్చాక ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. “డిన్నర్ టైం రిక్వెస్టే కానీ గ్యారంటీ కాదమ్మా, కాగితంలో ఉంది చూడండి” అన్నారు. చూశాను. నాలుగో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. వచ్చేసారి బుక్ చేస్తే 50 డాలర్లు తగ్గిస్తాను అన్నారు. వచ్చేసారికి మీరు వద్దు లెండి అని చెప్పి పెట్టేశాను.