సీతాకోకచిలుకల కోసం ఏది పెడితే మేలు: కల్యామాకా, నిమ్మా, సీతాఫలమా, ఈశ్వరి తీగా?

సీతాకోకచిలుకలు రావాలంటే ఏం పెట్టాలని నర్సరీలో అడిగితే, చేతిలో ఓ నూరువరహాల మొక్కో జినియా నారో పెడతారు. పూలు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే పూలకు వచ్చిన సీతాకోకచిలుక తేనె తాగి గోడ దాటి వెళ్లిపోతుంది. గుడ్డు పెట్టాల్సి వచ్చినప్పుడు దానికి పువ్వుతో పని లేదు, పుట్టబోయే పిల్ల తినే ఆకు కావాలి. ఆ ఆకు మన పెరట్లో ఉంటే వెతుక్కుంటూ వస్తుంది, పిల్లలు మన కళ్ల ముందే పెరుగుతాయి. అందుకే నల్లగొండ, పాలమూరు వైపు కాస్త జాగా ఉన్న వాళ్లెవరు అడిగినా నా మాట ఒకటే: ముందు ఆకు, తర్వాత పువ్వు.

స్వాలోటెయిల్ అని పిలిచే పెద్ద సీతాకోకచిలుకల గురించే చెబుతున్నాను. వీటిలో చాలావాటికి వెనక రెక్కల చివర చిన్న తోకలుంటాయి. అన్నిటికీ ఉండవు. మన నిమ్మచెట్ల చుట్టూ తిరిగే నలుపు, లేత పసుపు మచ్చల లైమ్ బటర్‌ఫ్లైకి తోక లేదు, అయినా అది ఈ కుటుంబంలోదే. ఈ జాతుల్లో ఒక్కోదానికి ఒక్కో చెట్ల వర్గం మీదే మనసు. కాబట్టి ఏ చెట్టు పెడతామన్నదాన్ని బట్టే ఏ సీతాకోకచిలుక వస్తుందో తేలుతుంది.

మొదట కల్యామాకు (కరివేపాకు), నిమ్మ. కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబం చెట్లు. లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మోర్మన్ రెండూ వీటి మీదే గుడ్లు పెడతాయి. అయితే రెండిటి తీరు వేరు. లైమ్ బటర్‌ఫ్లైకి ఎండ ఇష్టం, చెట్లు తక్కువున్న చెల్కల్లో కూడా హాయిగా తిరుగుతుంది. మోర్మన్ కొంచెం నీడ వెతుక్కుంటుంది. బావి గట్టున ఎండలో ఉన్న నిమ్మ దగ్గర మొదటిది ఎక్కువ, జాలాట నీళ్లు పారే చోట గోడ నీడన పెరిగిన కల్యామాకు దగ్గర రెండోది ఎక్కువ కనిపిస్తాయి.

ఆడది గుడ్డు పెట్టడం ఒక్కసారైనా దగ్గర నుంచి చూడాలి. కొమ్మ దగ్గర రెక్కలు ఆడిస్తూనే నిలబడి ముందు కాళ్లతో చిగురాకును తడుతుంది. ఆకు రుచి దానికి ఆ కాళ్లతోనే తెలుస్తుంది. సరైన ఆకే అనుకుంటే పొట్ట వంచి ఒకే ఒక్క గుడ్డు అంటించి ఇంకో కొమ్మకు పోతుంది. గుడ్డు చిన్న ఆవగింజంత, లేత పసుపు రంగు. మూడు నాలుగు రోజులకు పిల్ల బయటికి వస్తుంది. మొదట్లో అది అచ్చం పిట్ట రెట్టలా, గోధుమ రంగు మీద తెల్ల మచ్చతో ఉంటుంది. పిట్టలు దాన్ని తిండి అనుకోకుండా వదిలేయడానికే ఆ వేషం. చివరి కుబుసం విడిచాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అప్పుడు వేలితో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి పెట్టి ఘాటు వాసన వదులుతుంది. దాన్ని చూసి పిల్లలు భయపడతారు గానీ అది కుట్టదు, ముట్టుకున్నా దురద పెట్టదు. దురద పెట్టేవి ఒళ్లంతా వెంట్రుకలుండే వేరే గొంగళిపురుగులు.

తిండి సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. పురుగు జీవితంలో తినేదాంట్లో ఎక్కువ భాగం ఆ చివరి పచ్చటి దశలోనే తింటుంది. కుండీలో రెండడుగుల నిమ్మ మొక్క మీద నాలుగైదు పురుగులుంటే వారంలో పుల్లలే మిగులుతాయి. నేలలో నిలదొక్కుకున్న కల్యామాకు చెట్టుకు అవి ఒక లెక్క కాదు. ఆకు తెంపిన కొద్దీ చిగురు వేసే చెట్టు అది, మనం కూరకు తెంపినా పురుగు తిన్నా దానికి ఒకటే. నిమ్మ చిన్నప్పుడు అంత తొందరగా తేరుకోదు. పైగా కల్యామాకు ఇంట్లో రోజూ తింటాం కాబట్టి దాని మీద మందు కొట్టాలని ఎవరికీ అనిపించదు. సీతాకోకచిలుకలకు అంతకు మించిన రక్షణ లేదు. ఈ రెండిట్లో ఒకటే పెట్టగలిగితే నా ఓటు కల్యామాకుకే. వీలైతే రెండు మొక్కలు పెట్టండి. ఒకటి పోపులోకి, ఒకటి పురుగులకు. పోపు చెట్టు మీద పురుగు కనిపిస్తే ఉన్న రెమ్మతో సహా తెంపి రెండో చెట్టు మీద పెడితే సరిపోతుంది.

బత్తాయి మాట వేరే చెప్పాలి, నల్లగొండంటే బత్తాయి కదా. తోట వేసిన రైతుకు లైమ్ బటర్‌ఫ్లై సీతాకోకచిలుక కాదు, లేత మొక్కల చిగురు తినే పురుగు. నారుమళ్లలో, కొత్తగా నాటిన మొక్కల మీద అది చేసే నష్టం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కాపు మీదున్న పెద్ద చెట్లకు మాత్రం దాంతో పెద్దగా ఇబ్బంది ఉండదు. లేత మొక్కల మీద మందు కొట్టే బదులు పురుగులను చేత్తో ఏరి తోట చివర ఉన్న పాత బత్తాయి చెట్టు మీద వదిలితే రెండు వైపులా న్యాయం జరుగుతుంది. మొక్కలు వేలల్లో ఉన్న చోట అది కుదరదని నాకూ తెలుసు. పెరట్లో నాలుగు చెట్లున్న వాళ్లకు మాత్రం సాకు లేదు.

ఇక సీతాఫలం. పాలమూరు మనిషికి దీని గురించి కొత్తగా చెప్పేదేముంటుంది, బాలానగర్ పేరుతోనే ఒక రకం ఉంది. అయితే ఈ చెట్టు మీద టెయిల్డ్ జే గుడ్లు పెడుతుందని చాలామంది గమనించరు. నల్లటి రెక్కల మీద పచ్చటి చుక్కలతో ఉంటుంది. పువ్వు మీద వాలినప్పుడు కూడా రెక్కలు ఆపదు, ఫొటో తీయాలనుకునే వాళ్లను ఏడిపిస్తుంది. నీళ్ల విషయంలో నిమ్మ, కల్యామాకు రెండూ సీతాఫలం ముందు నిలవలేవు. ఎండాకాలం బోరు ఎండిపోయినా అది ఆకు రాల్చుకుని బతుకుతుంది, వానలు పడగానే చిగురిస్తుంది. మేకలు ఆకు ముట్టవు, అందుకే గుట్టల మీద కూడా మిగిలింది. ఊరి చివర కంచె సరిగ్గా లేని జాగా ఉంటే దీన్ని మించింది లేదు. ఒకటే లోటు: ఎండాకాలం ఆకులేని రోజుల్లో సీతాకోకచిలుకలకు దానితో పని ఉండదు. ఆ లోటు తీరాలంటే కాలనీల్లో కాంపౌండ్ గోడ వెంట పెట్టే నరమామిడి, మనం అశోక చెట్టని పిలిచే పొడవాటి చెట్టు, ఒకటి పక్కన ఉండాలి. టెయిల్డ్ జేతో పాటు కామన్ జే కూడా దాని లేతాకుల మీద గుడ్లు పెడుతుంది.

ఈశ్వరి తీగ దగ్గరికి వస్తే నాకు ఆశ, జాగ్రత్త రెండూ ఉన్నాయి. అందంలో అన్నిటికన్నా మిన్న అయిన కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ దీనికీ దీని దగ్గరి చుట్టమైన గాడిదగడపాకుకీ తప్ప వేరే ఆకుకు రావు. ఎర్రటి ఒళ్లు, నల్లటి రెక్కలు, తొందర లేకుండా నింపాదిగా ఎగురుతాయి. ఆ నింపాదికి కారణం ఆ ఆకులోని విషం. పురుగుగా ఉన్నప్పుడు తిన్న విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు. మోర్మన్ ఆడవాటిలో కొన్ని ఈ రెండిటి వేషమే వేసుకుని తిరుగుతాయి, వాటికి విషం లేకపోయినా. కల్యామాకు, ఈశ్వరి రెండూ ఉన్న పెరట్లో అసలుదీ వేషం వేసినదీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒంటి రంగు చూస్తే తేడా తెలిసిపోతుంది: రోజ్‌కు ఒళ్లు ఎర్రగా, మోర్మన్‌కు నల్లగా ఉంటుంది.

అదే విషం మనిషి కిడ్నీలను దెబ్బతీస్తుంది. పాము కాటుకు ఈశ్వరి వేరు నూరి తాగిస్తే తగ్గుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, నేరుగా ఆస్పత్రికి పోండి. ఆకు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో, పశువులు వచ్చిపోయే వాకిట్లో ఈ తీగ వద్దు. ఎవరికీ అందకుండా కంచె మీదికి పాకించగలిగే వాళ్లకే ఇది. అచ్చంపేట, మన్ననూరు లాంటి నల్లమల అంచు ఊళ్లలో ఉన్నవాళ్లు పెడితే మరీ సంతోషం.

పూల విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. నూరువరహాలు, మందారం, బిళ్లగన్నేరు, పెంటాస్‌లో ఏవైనా రెండు చాలు. పూలకన్నా చాలామంది మరిచిపోయేది తడి మట్టి. మగవి ఉప్పు, ఖనిజాల కోసం తడి నేల మీద వాలతాయి. చేతిపంపు దగ్గర, చెరువు గట్టున చూసే ఉంటారు. వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపి తడిగా ఉంచితే చాలు.

నాటడానికి తొలకరి మంచిది. నర్సరీ నుంచి తెచ్చిన నిమ్మ, కల్యామాకు మొక్కలకు అక్కడే మందు కొట్టి ఉండొచ్చు. వాటికి మన దగ్గర కొత్త చిగురు వచ్చేదాకా పక్క చెట్టు మీది పురుగులను తెచ్చి వాటి మీద వదలకండి. వేపనూనె సేంద్రియమే కదా అని కొట్టేస్తుంటారు, అది కూడా ఈ పురుగులను చంపుతుంది. చెట్టు కింద నల్లటి పెంటికలు కనిపిస్తే పైన పురుగుందని గుర్తు, ఆ కొమ్మను కొన్ని రోజులు కత్తిరించొద్దు. పురుగు మాయమైందంటే పిట్ట తినైనా ఉండాలి, పక్కన ఏ పుల్లకో నడుముకు పట్టుదారం కట్టుకుని గూడుగానైనా మారి ఉండాలి. ఆ గూడు ఆకుల మధ్య ఉంటే పచ్చగా, ఎండుపుల్ల మీద ఉంటే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి ఎండుపుల్లలు ఏరి పారేసే ముందు ఒకసారి తిప్పి చూడండి.