పెరటి తేనెపిట్ట నుంచి గండికోట లోయ దాకా: 70–300 జూమ్ లెన్స్‌తో ఐదేళ్లు

ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు. ఉద్యోగానికి బయలుదేరే ముందు ఒక గంట, ఆదివారం ఒక పూట మాత్రమే దానికి కేటాయించగలను. పిట్టల కోసమని ఐదేళ్ల కిందట పాతది కొనుక్కున్న 70–300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఇప్పటికీ నా కెమెరాకే ఉంది. నాది ఏపీఎస్-సి సెన్సర్, అంటే బొమ్మను పట్టే పలక ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఉన్నదాని కంటే చిన్నది కాబట్టి, 300 దగ్గర ఇది ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 450 మిల్లీమీటర్ల లెన్స్‌కు కనిపించేంత దృశ్యాన్నే చూపుతుంది.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు, దూరాన్ని జూమ్‌తోనే జయించవచ్చని నమ్మడం. మేడ మీద నుంచి తీసి, తరువాత కత్తిరించి పెద్దవి చేసిన పికిలిపిట్టల బొమ్మల్లో ఒక్క ఈకా స్పష్టంగా లేదు. ఈ లెన్స్ ఒకటిన్నర మీటర్ల దూరం నుంచే ఫోకస్ అవుతుందని గమనించాక, వంటింటి కిటికీ వెనుక కదలకుండా కూర్చుని, నూరువరహాల పొద దగ్గరకు పిట్టలే వచ్చేదాకా వేచి ఉండడం అలవాటు చేసుకున్నాను. ఊదా తేనెపిట్ట మగది నీడలో వట్టి నల్లగానే పడుతుంది. ఎండ నా వీపు వైపు నుంచి దాని మీద పడినప్పుడే మెడ మీది నీలం, ఊదా మెరుపులు బయటపడతాయి. అది పువ్వు నుంచి పువ్వుకు ఎగిరే తీరుకు సెకనులో 1600వ వంతు షట్టర్ వేగం కావాలి. 300 దగ్గర ఈ లెన్స్ అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, 5.6కు మించి తెరుచుకోదు (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) గనుక, పొద్దున్నే వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఐఎస్‌ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, 3200కు పెంచి, బొమ్మలో వచ్చే గరుకుదనాన్ని భరించక తప్పదు. చేతి వణుకును అదుపు చేసే సదుపాయం కదలని తొండకు పనికి వస్తుంది గాని, కదిలే పిట్టకు కాదు.

ప్రకృతి దృశ్యాలకు, ఎక్కువ దృశ్యాన్ని ఒకేసారి పట్టే వెడల్పు లెన్సే కావాలని చాలామంది అంటారు. గండికోటలో నాకు కలిగిన అనుభవం వేరు. పెన్నానది కోసిన ఆ లోయను వెడల్పు లెన్స్‌తో తీస్తే ఆకాశమే సగం ఆక్రమించి, ఎర్రటి రాతి గోడలు చిన్నబోయాయి. 100 నుంచి 200 మధ్య తీసినప్పుడు ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న గోడలు దగ్గరికి జరిగినట్టు కనిపించి, అడుగున నీటి పాయ ఎంత లోతున ఉందో కంటికి తెలిసింది. అపర్చర్ 8 దగ్గర రాతి పొరలు అంచుల దాకా స్పష్టంగా వచ్చాయి. అయితే వేసవిలో రాయి వేడెక్కాక, మధ్యలోని వేడిగాలి అలల వల్ల ఆవలి గట్టు చెదిరినట్టు పడుతుంది, దానికి ఏ ఖరీదైన లెన్సూ మందు కాదు. అందుకే చలికాలపు ఉదయాలనే ఎంచుకుంటాను.

లోపాలూ ఉన్నాయి. మూడో ఏటి నుంచి జూమ్ రింగ్ వదులైంది. లోయ అంచున కెమెరాను కిందికి వంచితే గొట్టం దానంతట అదే ముందుకు జారుతుంది, దాంతో కూర్చుకున్న ఫ్రేమ్ మారిపోతుంది. ముందుకు, వెనకకు సాగే గొట్టం కాబట్టి దుమ్మునూ లోపలికి పీల్చుకుంది. పాత లెన్స్ కొనదలచినవారు దానిని నేల వైపు పట్టుకుని జారుతుందేమో చూడండి. ఒక చివర నుంచి టార్చి వేసి, అద్దాల మధ్య సాలెగూడు లాంటి ఫంగస్ లేదని నిర్ధారించుకున్నాకే డబ్బు ఇవ్వండి.