మిమిక్-4 డెమో: మెడికల్ కోడింగ్ కోచింగ్‌కు ఫీజు కట్టకముందే తెరవాల్సిన డేటా

కర్నూలు, నంద్యాల వైపు బీఫార్మసీ, బయోటెక్నాలజీ చదివిన పిల్లలకు హెల్త్ డేటా ఉద్యోగం అంటే మెడికల్ కోడింగే (జబ్బులకు, చికిత్సలకు బిల్లు కోసం కోడ్లు వేసే పని) గుర్తొస్తుంది. హైదరాబాద్ వెళ్లి కోచింగ్‌కు డబ్బు కట్టేస్తారు. క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ (మందుల ప్రయోగాల్లో వచ్చే రోగుల డేటాను సరిచూసే పని), డేటా విశ్లేషణ, ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే పని కూడా ఈ రంగంలోవే. వీటిలో ఏది మనకు అబ్బుతుందో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవాలంటే ఫిజియోనెట్ అనే వైద్య పరిశోధన డేటా వెబ్‌సైట్‌లోని మిమిక్-4 డెమో చాలా మంచి సాధనం. మిమిక్-4 అంటే ఆస్పత్రి రోగుల రికార్డుల పెద్ద డేటాబేస్, డెమో దానిలో చిన్న నమూనా.

అమెరికాలోని బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రి ఉంది. అక్కడి 100 మంది రోగుల రికార్డులు ఇందులో ఉన్నాయి. పేర్లు తీసేసి, తేదీలను ఒక్కో రోగికి ఒక్కోలా ముందుకు జరిపారు. అడ్మిషన్ 2150లో అని కనిపించేది అందుకే. ఒకే రోగి తేదీల మధ్య తేడా నమ్మొచ్చు, ఇద్దరు రోగుల తేదీలను మాత్రం పోల్చకూడదు. 89 దాటిన వాళ్లందరి వయసు 91 అనే ఉంటుంది, సగటు తీసేటప్పుడు గుర్తుంచుకోండి.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. డక్‌డీబీ అనే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే కుదించిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైళ్లను విప్పకుండానే చదువుతుంది. ఎక్సెల్‌లో మాత్రం తెరవకండి. ఐసీడీ అంటే జబ్బుల కోడ్ల జాబితా, 9 దాని పాత వెర్షన్. అందులో సెప్టిసీమియా (రక్తంలో ఇన్ఫెక్షన్) కోడు 0389. ఎక్సెల్ ముందున్న సున్నా మింగేసి 389 చేస్తుంది, ఇక ఆ వరుస దేనికీ జత కలవదు. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ వాడినా కోడ్ల కాలమ్‌ను టెక్స్ట్‌గానే చదివించాలి.

అసలు విషయం డయాగ్నోసిస్ టేబుల్‌లో ఉంది. అమెరికా 2015 అక్టోబర్ 1న ఐసీడీ-10కి మారింది కాబట్టి రెండు వెర్షన్ల కోడ్లూ కలగలిసి ఉంటాయి. బీపీకి ఒకచోట 4019, ఇంకోచోట ఐ10. 'ఈ', 'వీ' అక్షరాలతో మొదలయ్యే కోడ్లు రెండింటిలోనూ ఉన్నాయి, అర్థాలు వేరు. కోడ్ల అర్థాల టేబుల్‌తో జాయిన్ చేసేటప్పుడు (జత కలిపేటప్పుడు) కోడుతో పాటు వెర్షన్ కాలమ్‌నూ కలపకపోతే తప్పు జబ్బు వచ్చి పడుతుంది. పైగా ఇవి డిశ్చార్జి తర్వాత బిల్లు కోసం వేసిన కోడ్లు. అడ్మిషన్ రోజున రోగి పరిస్థితిని అంచనా వేసే మోడల్‌కు వీటిని ఇస్తే, జవాబు ముందే చూపించినట్టే. ఈ కోడ్ల పనిలో విసుగు రాకపోతే మెడికల్ కోడింగ్ వైపు ధైర్యంగా వెళ్లొచ్చు.

తర్వాత ల్యాబ్ టేబుల్‌లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) తీసి చూడండి, ఐటమ్ నంబర్ 50912. కొన్ని వరుసల్లో అడ్మిషన్ నంబర్ ఖాళీగా ఉంటుంది. ఆ నంబర్‌తోనే జాయిన్ చేస్తే ఆ పరీక్షలన్నీ మాయమవుతాయి. రోగి నంబర్ పట్టుకుని, పరీక్ష సమయం అడ్మిషన్‌కూ డిశ్చార్జికీ మధ్య ఉందో లేదో చూడాలి. ఖాళీలు, యూనిట్లు, పొంతన లేని విలువలు వెతకడం ఇష్టంగా అనిపిస్తే డేటా మేనేజ్‌మెంట్ మీకు నప్పుతుంది. దానికి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష), శాస్ (గణాంకాల సాఫ్ట్‌వేర్), సీడిస్క్ (మందుల ప్రయోగాల డేటా ప్రమాణాలు) నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వైపు మనసున్న బీటెక్ వాళ్లకు ఇదే డెమో ఫైర్ (FHIR, ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) రూపంలో కూడా దొరుకుతుంది. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఫైర్ ప్రమాణం మీదే నడుస్తోంది కాబట్టి ఆ సాధన ఇక్కడా పనికొస్తుంది.

లోపాలూ ఉన్నాయి. డాక్టర్లు రాసిన నోట్సు డెమోలో లేవు. జన్యు సమాచారం అసలే లేదు, బయోఇన్ఫర్మాటిక్స్ కోరుకునేవాళ్లకు ఇది సరిపోదు. 100 మందితో మోడల్ కట్టి ఖచ్చితత్వం ఇంత అని రెజ్యూమెలో రాస్తే ఇంటర్వ్యూలో నిలవదు. డేటా ఎలా శుభ్రం చేశారో రాయండి, అదే అడుగుతారు. ఇది అమెరికా బిల్లింగ్ పద్ధతి కూడా. ఆరోగ్యశ్రీ తరహా క్లెయిముల్లో ప్యాకేజీలే ప్రధానం, ఆ పని దీంతో రాదు.

పూర్తి మిమిక్-4 కావాలంటే సిటీ (CITI) ప్రోగ్రామ్ అనే పరిశోధన నియమాల ఆన్‌లైన్ శిక్షణ ముగించి, ఫిజియోనెట్‌లో గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టి, డేటా ఒప్పందంపై సంతకం చేయాలి. విద్యార్థులైతే గైడ్ వివరాలు రిఫరెన్స్‌గా ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తుకు ముందే మీ కాలేజీలో ఒక అధ్యాపకుణ్ణి ఒప్పించుకోండి.