అమెరికా చరిత్ర రోజువారీ క్యాలెండర్: ఏప్రిల్ 12 పేజీ కోసమైనా కొనొచ్చు

రోజుకో కాగితం చించుకునే టేబుల్ క్యాలెండర్ ఇది. అదే తేదీన వేర్వేరు ఏళ్లలో అమెరికాలో ఏం జరిగిందో ఒక్కో కాగితం మీద మూడు నాలుగు ముక్కల్లో ఉంటుంది. ఇలాంటి వాటిలో సినిమా స్టార్ల పుట్టినరోజులతో పేజీ నింపేయడం మామూలే. ఇందులో మాత్రం చరిత్ర బాగా చదివినవాళ్లే కూర్చుని ఏరారని తెలిసిపోతోంది.

ఏప్రిల్ 12 పేజీ చూడండి. 1861లో తెల్లవారుజామున నాలుగున్నరకి చార్ల్‌స్టన్ రేవులోని ఫోర్ట్ సమ్టర్ కోట మీద విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ఫిరంగులు పేలాయి, అంతర్యుద్ధం మొదలైంది. 1945లో ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో చనిపోయారు. 1955లో జోనాస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకా పనిచేస్తోందని మిషిగన్ యూనివర్సిటీలో ప్రకటించారు. 1981లో స్పేస్ షటిల్ కొలంబియా మొదటిసారి ఎగిరింది. ఒక్క తేదీలో ఇన్నా అనిపిస్తుంది కదా, కానీ అసలు కథ చెప్పకుండా వదిలేశారు. రూజ్‌వెల్ట్‌కి 39 ఏళ్ల వయసులో కాళ్లు పడిపోయాయి, డాక్టర్లు పోలియో అన్నారు. ఆయన 1938లో పెట్టిన సంస్థకి జనం పది సెంట్ల నాణేలు పంపేవాళ్లు, సాల్క్ పరిశోధనకీ, సుమారు 18 లక్షల మంది పిల్లలతో చేసిన టీకా ట్రయల్‌కీ ఖర్చు పెట్టింది ఆ సంస్థే. ఆయన పోయిన పదేళ్లకి, అదే తేదీన ఆ ప్రకటన వచ్చింది. ఈ ఒక్క లింకు రెండు లైన్లలో రాసుంటే ఆ కాగితం ఎవరూ చించి పారేయరు. కొలంబియా సంగతి వేరు, అది ఏప్రిల్ 10నే ఎగరాల్సింది, కంప్యూటర్ల మధ్య టైమింగ్ కుదరక రెండు రోజులు ఆగింది, అంటే అక్కడ తేదీ కలవడం ఉత్త కాకతాళీయం. ఏది అనుకోకుండా కలిసిందో, ఏది కావాలని ఎంచుకున్న రోజో చెప్పకపోవడమే ఈ క్యాలెండర్‌లో పెద్ద లోటు.

చెప్పిన చోట మాత్రం చాలా బాగుంది. ఫిబ్రవరి 12న లింకన్ పుట్టారు, నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ 1909లో సరిగ్గా ఆయన నూరో పుట్టినరోజునే తన పుట్టుకకి గుర్తుగా పెట్టుకుంది, ఆ ముక్క స్పష్టంగా రాశారు. ఆగస్టు 28 పేజీలో 1955లో తెల్లవాళ్లు చంపిన నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్ హత్య, దాని కిందే మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన 1963 వాషింగ్టన్ పౌరహక్కుల మార్చ్. పద్నాలుగేళ్ల పిల్లాడి గురించి చదివి వెంటనే మార్టిన్ లూథర్ కింగ్ పేరు చూస్తే నాకు చాలాసేపు ఇంకో పని మీదకి మనసు పోలేదు.

జూలై 4 దగ్గర కోపం వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద ఆ రోజే అందరూ సంతకాలు చేశారని వేశారు. 1776 జూలై 4న ప్రకటనని ఆమోదించారు, ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. పిల్లలు చదివే వస్తువులో ఇలాంటి తప్పు ఉండకూడదు. మాజీ ప్రెసిడెంట్లు జాన్ ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ 1826లో, ఆ ప్రకటనకి యాభై ఏళ్లు నిండిన రోజునే కన్నుమూశారన్నది మాత్రం బాగా రాశారు.

కాగితం మందంగా ఉంది, అక్షరాలు మరీ చిన్నవి. శని, ఆదివారాలు రెండూ ఒకే కాగితం మీద ఇరికించారు. అయినా చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి కొనమనే చెబుతాను. వచ్చే ఏడాది ముద్రణలో జూలై 2 పేజీ కూడా సరిచూసుకుంటే మంచిది: 1881లో ప్రెసిడెంట్ గార్ఫీల్డ్ మీద కాల్పులు, 1964లో పౌరహక్కుల చట్టంపై ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం రెండూ ఉన్నాయి, 1776లో స్వాతంత్ర్యానికి ఓటేసిన రోజు అదేనన్నది మాత్రం లేదు.