ధర్మాబాద్ ఎండలో నాసిక్ చెనిన్ బ్లాంక్: ఏళ్ల తరబడి తాగాక చెబుతున్నాను

పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వైన్ ఏదని మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు పక్కనున్న మా ధర్మాబాద్‌లో ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒక్కటే, సూలా కంపెనీ తెల్ల వైన్ చెనిన్ బ్లాంక్. మా ఆవిడా నేనూ ఏళ్లుగా తాగుతున్న వైన్ ఇది. మధ్యలో వేరేవి చాలా కొన్నాం. వాటిలో దీనికి రెండింతలు, మూడింతలు రేటున్నవీ ఉన్నాయి. అయినా మా ఇంటి కూరలకీ, మా ఊరి ఎండకీ, మా జేబుకీ కుదిరింది ఇదే.

ముందు కూరల సంగతి. ధర్మాబాద్ అంటేనే మిర్చి. మా ఇళ్లలో జొన్నరొట్టె పక్కన ఠేచా, అంటే దంచిన మిరపకాయ పచ్చడి ఉంటుంది, చేపల వేపుడులోనూ కారం గట్టిగానే పడుతుంది. ఇలాంటి తిండి మీద వగరెక్కువున్న ఎర్ర వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. ఆల్కహాల్ కారాన్ని పెంచుతుంది, వగరు నాలుకను ఎండగొడుతుంది, రెండూ కలిస్తే వైన్ రుచీ తెలియదు, కూర రుచీ తెలియదు. చెనిన్ బ్లాంక్‌లో పులుపు బాగా ఉంటుంది, చివర్లో కొంచెం తీపి తగులుతుంది. చల్లగా తాగితే ఆ తీపి కారాన్ని నెమ్మదింపజేస్తుంది. గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ వైపు నుంచి తెచ్చిన చేపకు ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేయించి, నిమ్మకాయ పిండి, పక్కన ఈ వైన్ పెట్టుకుని చూడండి. మూత తీయగానే దోరజామ వాసన, కాసేపటికి పైనాపిల్. చేప మీద పిండిన నిమ్మరసమే గ్లాసులోనూ ఉందా అనిపిస్తుంది.

ఈ రేటుకు ఎలా వస్తోందంటే, పండేదీ ఇక్కడే, సీసాలో పోసేదీ ఇక్కడే. చెనిన్ బ్లాంక్ ఫ్రాన్స్‌లో లువార్ నది వైపు ద్రాక్ష. సూలా కంపెనీ పెట్టిన రాజీవ్ సామంత్ నాసిక్ దగ్గర గంగాపూర్ డ్యాం పక్కన దీన్ని నాటించి, 2000లో మొదటి సీసాలు బయటికి తెచ్చారు. మరుసటి ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, ఇక్కడి ద్రాక్షతో ఇక్కడే చేసిన వైన్‌కు ఎక్సైజ్ రాయితీ ఇచ్చింది. విదేశీ సీసా మీద మాత్రం చాలా ఏళ్లు 150 శాతం కస్టమ్స్ సుంకం పడింది. 2022 చివర్లో ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చాక, అక్కడి నుంచి 5 డాలర్ల పైన ధరతో వచ్చే సీసాలకు అది 100 శాతానికి తగ్గి, ఏటా ఇంకాస్త తగ్గేలా పెట్టారు. తగ్గినా సుంకం సుంకమే. విదేశీ సీసాకు మనమిచ్చే డబ్బులో ద్రాక్షకు చేరేది తక్కువ. నాసిక్ సీసాకిచ్చే డబ్బులో వైన్‌కు పోయే వాటా అంతకంటే ఎక్కువ. పైగా ఆ డ్యాంలో నిలిచేది మా ఊరి పక్కన పారే గోదావరి నీళ్లే, నాకది సంతోషం.

అసలు లాభనష్టాలు తేలేది దుకాణంలో. మంచి వైన్‌ను కూడా ఎండ పాడు చేసేస్తుంది. నాందేడ్ జిల్లాలో మే నెల ఎలా ఉంటుందో తెలిసిందే, 42, 43 డిగ్రీలు మామూలు. మా దగ్గర బీర్ షాపీల్లో బీరు ఫ్రిజ్‌లో ఉంటుంది, వైన్ సీసాలేమో పై అరలో, రేకుల కప్పు కింద, ట్యూబ్‌లైట్ పక్కన నిలబడి ఉంటాయి. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి నెలల తరబడి అక్కడే ఉండిపోతాయి. ఒక దుకాణంలో కొన్న సీసా ఇంటికి తెచ్చి తీస్తే మగ్గిపోయిన యాపిల్ వాసన కొట్టింది, జామ వాసన జాడే లేదు. సీసా మీద రాసిన ఏడాది చూస్తే మూడేళ్ల కిందటిది. తిరిగిస్తానంటే ఆయన తీసుకోలేదు. అప్పటి నుంచి ఆ దుకాణం మానేశాను.

ఇప్పుడు కొనే ముందు సీసాను చేతిలోకి తీసుకుని, వెనక లేబుల్ మీద ఏడాది చూస్తాను. నాసిక్‌లో వైన్ ద్రాక్ష జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు, తెల్ల వైన్ కొద్ది నెలల్లోనే సీసాకెక్కుతుంది. ఇది దాచుకుంటే బాగుపడే వైన్ కాదు, ఆ ఏడాదిదో నిరుటిదో తాగాలి. తర్వాత సీసాను వెలుతురుకు పెట్టి చూస్తాను. లేత గడ్డి రంగులో మెరుస్తుంటే తీసుకుంటాను, ముదురు పసుపుకో గోధుమ రంగుకో తిరిగితే వదిలేస్తాను. మెడ దగ్గర వేలు పెడితే జిగురు తగిలిందంటే వేడికి లోపలిది పొంగి కారినట్టే. దీనికి తిప్పే మూత ఉంటుంది, బిరడా గొడవ లేదు. దుకాణం అన్నతో మంచిగా ఉంటే పని ఇంకా తేలిక. "అన్నా, కొత్త పెట్టె వస్తే ఒక ఫోన్ కొట్టు, అందులో నుంచే తీసుకుంటా" అని చెప్పి పెట్టాను. పెట్టె దిగిన రోజే ఫోన్ చేస్తాడు. కావలసినవి తెచ్చి ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో పడుకోబెడతాను. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కొనను, దారిలోనే కాగిపోతాయి. మార్చిలోనే ఎండాకాలానికి సరిపడా తెచ్చుకుంటాం.

సీసా 750 మిల్లీలీటర్లు, అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు. 800 రూపాయల సీసా అనుకుంటే గ్లాసు 160 పడింది. ఆ లెక్క ఐదు గ్లాసులూ తాగితేనే. రెండు తాగి మిగతాది మరిచిపోతే గ్లాసు 400. మేం మొదటి రాత్రి చెరొక గ్లాసు పోసుకుని, మూత బిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. మూడో రోజుకు వాసన కొంచెం తగ్గుతుంది గానీ రుచి చెడదు, ఐదో రోజు దాటనివ్వం. ఒక్కరే తాగేవాళ్లకు 375 మిల్లీలీటర్ల సీసా మేలు. సగం సీసాకు సగం కంటే ఎక్కువే తీసుకుంటారు, అయినా పారబోయడం కంటే నయం.

ఖరీదైన గ్లాసులు అవసరం లేదు. ఇంట్లో ఉన్న మామూలు గాజు గ్లాసులో మూడో వంతు పోసుకుంటే చాలు, వాసన నిలుస్తుంది.

మటన్ కూరకు మాత్రం ఇది నిలబడదు. మసాలా, కొవ్వు ముందు పల్చబడిపోతుంది. అలాంటి రోజు సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ వాళ్లు చేసే సాంజియోవేసే తెస్తాం. ఇటలీ ద్రాక్ష, చెర్రీ పులుపు ఉంటుంది, వగరు మితంగా ఉంటుంది. ఎర్ర వైన్ బయటే పెట్టి తాగాలన్న మాట చలిదేశాల వాళ్లకు సరిపోతుంది. మా ఇంట్లో అయితే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తేనే నోటికి పడుతుంది. తియ్యటి చవక పోర్ట్ సీసాలు సగం ధరకే దొరుకుతాయి, కానీ వాటిలో నాకు చక్కెర తప్ప ద్రాక్ష కనిపించదు.

నిజామాబాద్‌లో ఉన్న మా బావమరిది వచ్చినప్పుడల్లా "బావా, నాకూ రెండు సీసాలు కట్టివ్వు" అంటాడు. ఇవ్వను. ఇక్కడి సీసా సరిహద్దు దాటితే తెలంగాణ ఎక్సైజ్ వాళ్ల లెక్కలో అది ఎన్డీపీఎల్, అక్కడ సుంకం కట్టని సరుకు, దొరికితే కేసు. మన రాష్ట్రంలోనే గడ్చిరోలి 1993 నుంచి మద్యనిషేధ జిల్లా, కాబట్టి ఆ జిల్లాలోని సిరొంచలో చుట్టాల ఇంటికి పోయేటప్పుడూ బ్యాగులో పెట్టుకోను. తాగాలనుంటే బావమరిదే శనివారం సాయంత్రం మా ఇంటికొస్తాడు. కారు తాళాలు మా ఆవిడ తీసి పెట్టేస్తుంది, రాత్రికి ఇక్కడే పడుకుని పొద్దున టిఫిన్ చేసి బయల్దేరతాడు.