క్యాంపస్ చారిటీ వీక్ రివ్యూ: ఏ స్టాల్‌కి వెళ్లాలి, ఏది వదిలేయాలి

మా యూనివర్సిటీలో స్టూడెంట్ క్లబ్బులన్నీ కలిసి ఏటా పెట్టే చారిటీ వీక్ ఈసారికి అయిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ నిండా ఫొటోలు, రీల్స్, టీషర్టులు. అసలు ఏర్పాట్లు ఎలా ఉన్నాయి, వెళ్లినవాళ్లని మనుషుల్లా చూశారా, ఇచ్చింది చేరాల్సిన చోటికి చేరిందా అన్నది మాత్రం ఎవరూ రాయరు. ఫోన్ కవర్ కొన్నా రివ్యూ రాస్తాం, దీని దగ్గరికొచ్చేసరికి "మంచి పని చేస్తున్నారు కదా, తప్పులు వెతకడం దేనికి" అంటాం. మంచి పని కాబట్టే వెతకాలి, ఎందుకంటే ఇక్కడ ఏదైనా తేడా జరిగితే నష్టపోయేది ఆ స్టాల్ పెట్టినవాళ్లు కాదు, ఎక్కడో ఉన్న వేరేవాళ్లు.

నా రేటింగ్ 5కి 3.5. స్టూడెంట్ల దగ్గర నిజంగా ఉన్నవాటిని, అంటే రక్తం, వయసు, చదువు, రాత్రంతా మేలుకునే ఓపిక, వీటిని అడిగిన కార్యక్రమాలు బాగా జరిగాయి. స్టూడెంట్లని మధ్యలో నిలబెట్టి ఎవరెవరి డబ్బో, ఎవరెవరి పాత సామానో పోగుచేయించినవి చాలావరకు తేలిపోయాయి.

రక్తదాన శిబిరంతో మొదలుపెడతా, మెచ్చుకోవాల్సినవీ తిట్టాల్సినవీ అన్నీ దీంట్లోనే ఉన్నాయి. ఇదివరకు ఒకే రోజు పెద్ద శిబిరం పెట్టి, ఇన్ని యూనిట్లు ఇచ్చాం అని బ్యానర్ కట్టేవాళ్లు. ఈసారి సగం ఇప్పుడు పెట్టి, మిగతా సగం సెమిస్టర్ చివర, సెలవులకి ముందు పెడుతున్నారు. ఎవరి ఆలోచనో గానీ వాళ్లకి దండం పెట్టాలి. ఎర్ర రక్తకణాలు ఎంత జాగ్రత్తగా చల్లగా పెట్టినా సుమారు 42 రోజులకి మించి పనికిరావు, ప్లేట్‌లెట్లయితే 5 నుంచి 7 రోజులే. పైగా ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మగవాళ్లు 12 వారాలు, ఆడవాళ్లు 16 వారాలు ఆగాలి. క్యాంపస్ మొత్తం ఒకే రోజు ఇచ్చేస్తే ఆ నెలంతా బ్లడ్ బ్యాంకు నిండుగా ఉంటుంది, తీరా హాస్టళ్లు ఖాళీ అయ్యే సెలవుల్లో, అంటే ఇచ్చేవాళ్లు దొరకని రోజుల్లో, నిల్వ ఉండదు. బ్యానర్ మీద అంకె తగ్గినా పరవాలేదని రెండుగా విడగొట్టడం ఈ వారం మొత్తంలో నాకు బాగా నచ్చిన నిర్ణయం.

నచ్చనిది ఫారం నింపే బల్ల. రక్తం ఇచ్చేముందు ఒక ప్రశ్నల ఫారం ఇస్తారు, ఏం మందులు వాడుతున్నారు, ఈ మధ్య టాటూ వేయించుకున్నారా, కామెర్లు వచ్చాయా దగ్గర్నుంచి చాలా సొంత విషయాల దాకా అడుగుతారు. దాన్ని ఒక పొడుగాటి బల్ల మీద, భుజం భుజం తగిలేలా కూర్చోబెట్టి నింపించారు. పక్కన ఫ్రెండు కూర్చుని "ఒరేయ్ ఇదేం రాశావురా" అని నవ్వుతుంటే ఎవడు నిజం రాస్తాడు? తీసుకున్న రక్తాన్ని టెస్టు చేస్తారు నిజమే, కానీ ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో కొన్ని రోజులు ఏ టెస్టుకీ దొరకదు, అందుకే ఆ ప్రశ్నలు. రెండు అట్టముక్కలు అడ్డం పెట్టి ఉంటే సరిపోయేది. దీనికి తోడు డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీ ఒకటి, ఎక్కువ యూనిట్లు ఇచ్చినవాళ్లకి కప్పు. జ్వరం తగ్గి రెండు రోజులు కాని కుర్రాడిని సీనియర్లు "ఏం కాదులే రా" అని లాక్కురావడం కళ్లారా చూశా, లోపలున్న డాక్టరు గారు మర్యాదగా వెనక్కి పంపారు. కప్పు లేకపోయినా వచ్చేవాళ్లు వస్తారు.

హిమోగ్లోబిన్ చూసే దగ్గర ఇంకో సంగతి. వేలి చివర గుచ్చి, ఒక్క చుక్క తీసి, నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వదులుతారు. ఆ ద్రావణం సాంద్రత 1.053 ఉండేట్టు ముందే కలిపి ఉంచుతారు కాబట్టి చుక్క గబగబా మునిగితే హిమోగ్లోబిన్ డెసీలీటరుకి కనీసం 12.5 గ్రాములు ఉన్నట్టు, మధ్యలో ఆగినా పైకి తేలినా తక్కువున్నట్టు. నాది మునిగింది. నా వెనకమ్మాయిది సగం దూరం దిగి, కాసేపు ఊగి, మెల్లగా పైకొచ్చింది. వెంటనే అక్కడున్న వాలంటీరు లైను మొత్తానికి వినపడేలా "రిజెక్ట్, నెక్స్ట్" అన్నాడు. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. చెప్పాల్సింది ఒక్క మాట, "రక్తం కొంచెం తక్కువుంది, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, బాగయ్యాక మళ్లీ రండి" అని. ఆ మాటైనా అన్నట్టయితే శిబిరం వల్ల ఆమెకి కూడా ఉపకారం జరిగేది, అసలు ఎందుకు వెనక్కి పంపారో కూడా తెలియకుండా వెళ్లిపోయింది.

ఇచ్చిన తర్వాత చూసుకున్న తీరుకి మాత్రం పూర్తి మార్కులు. కళ్లు తిరగడం కుర్రవాళ్లలో, అందులోనూ మొదటిసారి ఇచ్చేవాళ్లలో, బరువు తక్కువున్నవాళ్లలో ఎక్కువ. అది తెలిసినవాళ్లే ఏర్పాటు చేశారనిపించింది. ముందే నీళ్లు తాగించారు, మంచం మీద ఉండగా కాళ్లు, తొడలు బిగించి వదలమని చెప్పారు, లేచాక పావుగంట కూర్చోబెట్టి గానీ కదలనివ్వలేదు. సర్టిఫికెట్ కూడా ఆ కుర్చీల దగ్గరే ఇచ్చారు, దాంతో దానికోసమైనా అందరూ కూర్చున్నారు. తెలివైన పని.

పక్కనే స్టెమ్‌సెల్ (ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు) దాతల నమోదు స్టాల్. ఇది నన్ను టెన్షన్ పెట్టిన స్టాల్. రక్త క్యాన్సర్ లాంటి జబ్బులున్నవాళ్లకి మజ్జ మార్పిడి చేయాలంటే దాత కణజాల రకం రోగిదానితో సరిగ్గా కలవాలి, తోడబుట్టినవాళ్లతోనైనా ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. అందుకే ప్రపంచవ్యాప్తంగా రిజిస్ట్రీలు ఉన్నాయి, వాటిల్లో 4 కోట్ల మందికి పైగా పేర్లున్నాయి, డాక్టర్లు వయసులో ఉన్న దాతలనే ముందు ఎంచుకుంటారు. యూనివర్సిటీలో ఈ స్టాల్ పెట్టడం అందుకే సబబు. ఆ రకం తెలుసుకోవడానికి బుగ్గ లోపల దూది పుల్ల తిప్పడం ఒక్క నిమిషం పని. కానీ ఆ ఒక్క నిమిషం తర్వాత ఏంటి? రేపు ఫోన్ వస్తే ఏం చేయాలి అని అడిగితే స్టాల్ కుర్రాడు "అవన్నీ వాళ్లే చెప్తారు అన్నా, మీరు సెల్ఫీ తీసుకోండి" అన్నాడు.

నిజానికి చెప్పాల్సింది పెద్దగా లేదు, భయపడాల్సిందీ లేదు. చాలామంది దాతల దగ్గర ఎముకలోంచి తీయరు, నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత కొన్ని గంటలపాటు మెషిన్‌కి కలిపి రక్తంలోంచే కణాలు వేరుచేస్తారు. మనసు మార్చుకునే హక్కు దాతకి ఎప్పుడూ ఉంటుంది. కానీ మార్పిడికి ముందు ఆ రోగి సొంత మజ్జని మందులతో నాశనం చేసేస్తారు, ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే అవతలి మనిషి ప్రాణానికే ముప్పు. ఈ ముక్క తెలియకుండా గుంపుతో పాటు వెళ్లి పేరు రాసుకోవడం కంటే రాసుకోకపోవడమే మేలు. ఇంట్లో అమ్మానాన్నలతో ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఫోన్ వచ్చినరోజు అడ్డుపడేది చాలాసార్లు వాళ్లే. ఇంకో తమాషా, ఫారంలో దాదాపు అందరూ హాస్టల్ అడ్రసు, కాలేజీ మెయిల్ ఐడీ రాశారు. రెండేళ్లలో ఆ రెండూ ఉండవు. అయిదారేళ్ల తర్వాత ఎవరికో సరిపోయాడని తేలితే ఆ మనిషిని ఎక్కడని వెతుకుతారు? ఆలోచనకి 5, నడిపిన తీరుకి 2.

రాత్రి నడక గురించి. గ్రౌండ్ చుట్టూ జట్లుగా, చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా, జట్టులో ఎవరో ఒకరు నడుస్తూనే ఉండాలి. క్యాన్సర్ రోగుల కోసం ఇలాంటి రిలే నడకలకి మూలం కూడా ఒక యూనివర్సిటీ గ్రౌండే. 1985లో అమెరికాలోని టకోమాలో గోర్డీ క్లాట్ అనే సర్జన్ యూనివర్సిటీ ఆఫ్ ప్యూజెట్ సౌండ్ ట్రాక్ మీద 24 గంటలు తిరిగాడు, 130 కిలోమీటర్లకి పైనే, స్నేహితులు తలా 25 డాలర్లు కట్టి అరగంట చొప్పున ఆయనతో నడిచారు, అలా 27,000 డాలర్లు వచ్చాయి. ఇప్పుడు దాన్నే రిలే ఫర్ లైఫ్ అంటున్నారు. మావాళ్లు ఒక్క రాత్రికే పెట్టినా బాగా పెట్టారు, లైట్లు సరిపోయాయి, ఫస్ట్ ఎయిడ్ వాళ్లు రాత్రంతా ఉన్నారు, అర్ధరాత్రి దాటాక మైకు ఆపేసి పక్క హాస్టళ్లని నిద్రపోనిచ్చారు (దీనికి వేరే మార్కులు ఇవ్వాలి). తెల్లవారుజామున ఎవరికీ పోజులివ్వాల్సిన పని లేనప్పుడు తెలియనివాళ్లతో నడుస్తూ మాట్లాడుకోవడం, అదీ అసలు మజా.

ఒకే లోటు, ప్రతి ఏడూ కొత్త కారణం. ఒకసారి క్యాన్సర్, ఒకసారి వరదలు, ఒకసారి కుక్కలు. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో స్టూడెంట్లు 1973 నుంచి ఒక డాన్స్ మారథాన్ నడుపుతున్నారు, ఇప్పుడది 46 గంటలు, కూర్చోకూడదు, నిద్రపోకూడదు. 1977 నుంచి ఆ డబ్బంతా పిల్లల క్యాన్సర్ నిధి ఒక్కదానికే వెళ్తోంది. పోనుపోను అది కోట్ల డాలర్ల దాకా వెళ్లడానికి డాన్సు ఒక్కటే కారణం కాదనుకుంటా. ఇచ్చినవాళ్లకి డబ్బు ఎటు వెళ్తోందో ఏటా కనబడుతోంది.

పాత బట్టల స్టాల్ దండగ. వెళ్లొద్దనే చెప్తా. మూత లేని అట్టపెట్టెలు పెట్టి "మీకు అక్కర్లేనివి వేయండి" అని రాశారు, అక్కర్లేనివే వేశారు. జిప్పు ఊడిన బ్యాగులు, ఒంటి చెప్పు, మరకల దుప్పటి, ఏదో ఫెస్టులో పంచిన టీషర్టులు కట్టలు కట్టలుగా. తీసుకునే సంస్థవాళ్లకి ఏం కావాలో, ఏ సైజులు కావాలో ముందు అడిగారా అంటే లేదు. చివరి రోజు పది మంది వాలంటీర్లు చేతి గ్లౌజుల్లేకుండా అవన్నీ కింద పోసుకుని ఏరుతూ కూర్చున్నారు, సగానికి పైగా చెత్తబండికే వెళ్లాయి. "మీరు వేసుకోగలిగినవి, ఉతికినవి, ఈ నాలుగు రకాలే" అని ఒక కాగితం అంటిస్తే పోయేది.

కల్చరల్ నైట్, వేలంపాట మామూలే. పాటలు బాగున్నాయి, యాంకరింగ్ ఎక్కువైంది.

డబ్బు లెక్కలకి వద్దాం. డబ్బాలు సీలు వేసినవి, తెరిచేటప్పుడు వేర్వేరు క్లబ్బుల నుంచి ఇద్దరుండి లెక్కపెట్టి సంతకాలు చేశారు, ఇది చాలా బాగుంది. రెండు స్టాళ్ల దగ్గర మాత్రం క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే క్లబ్బు పేరు బదులు ఎవరో స్టూడెంట్ సొంత పేరు వచ్చింది. అడిగితే "క్లబ్ అకౌంట్ పని చేయట్లేదు, నేను ట్రాన్స్‌ఫర్ చేసేస్తా" అన్నాడు. మంచివాడే అయ్యుండొచ్చు, నేను మాత్రం వేయలేదు, మీరూ వేయకండి, పక్కనున్న డబ్బాలో వేయండి. వారం ముగిశాక నోటీసు బోర్డు మీద రాబడి ఖర్చులు పెట్టారు, అందులో టీషర్టుల ఖర్చు అన్నిటికంటే పైన ఉంది. దాచకుండా పెట్టినందుకు మెచ్చుకుంటూనే అంటున్నా, వచ్చేసారి టీషర్టులు మానేయండి.

చివరికి ఉంచింది స్క్రైబ్ స్టాల్, చూపు లేని స్టూడెంట్లకి పరీక్ష రాసిపెట్టేవాళ్ల నమోదు. లైబ్రరీ వెనక మూల గదిలో పెట్టారు, బ్యానర్ లేదు, జనం లేరు, ఈ వారం మొత్తానికి అసలైన స్టాల్ ఇదే. చూపు లేని రీసెర్చ్ స్కాలర్ ఒకాయన కూర్చుని ఒక్కొక్కరికీ ట్రైనింగ్ ఇచ్చారు. నా చేతికి ఒక లెక్క ఇచ్చి చదవమన్నారు. "ఏ ప్లస్ బీ స్క్వేర్" అని చదివా. "స్క్వేర్ బీకేనా, రెండిటికీనా?" అన్నారు. బ్రాకెట్ ఉంది, హోల్ స్క్వేర్ అనాలి. మన కంటికి బ్రాకెట్ కనబడుతుంది కాబట్టి నోటితో చెప్పాలని తోచదు, అక్కడ అవతలివాళ్ల మార్కులు పోతాయి. ప్రశ్నని సొంత మాటల్లో సులువు చేసి చెప్పకూడదు, గ్రాఫ్ ఉంటే ముందు అడ్డగీత మీద ఏముంది, నిలువుగీత మీద ఏముంది చెప్పాలి, వాళ్లు తప్పు చెప్పారని తెలిసినా అదే రాయాలి, మొహంలో మార్పు వాళ్లకి కనబడదు గానీ గొంతులో మార్పు వెంటనే దొరికిపోతుంది. పేరు ఇచ్చి పరీక్షరోజు ఎగ్గొట్టేవాళ్లే తమకి పెద్ద బెడద అని కూడా చెప్పారు ఆయన. అందుకని ఒక్కో పరీక్షకి ఇద్దరిని రాసుకుంటున్నారు. రేటింగ్ 5కి 5, మూల గదిలో పెట్టినందుకు ఆర్గనైజర్లకి మైనస్ 1.

ఈ నమోదు ఏడాది పొడుగునా ఉంటుందట, క్లాసుల తర్వాత వెళ్లొచ్చు, మీ సబ్జెక్టు కాని పేపర్లకే రాయనిస్తారు. రక్తదానం రెండో విడతకి వెళ్లేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకండి, ముందు అరలీటరు నీళ్లు తాగండి, ఫారం ఇచ్చాక ఆ పొడుగు బల్ల మీద కాకుండా పక్కకి వెళ్లి నింపండి, ఎవరూ ఏమీ అనరు. సాయంత్రం స్లాట్లలో లైను చాలా ఎక్కువ, పొద్దున్నే వెళ్లడం నయం.